సీట్లమ్మ బానెట్ తెరిచిన వైనం

కారు సీటు కుట్టడమంటే దిండుకి గలీబు తొడగడం అనుకునేవాళ్లు లోకంలో కోకొల్లలు. అలాంటివాళ్లు ఒక్కసారి ఆ వర్క్‌షాపుకి వెళ్లి, ఎడమ చేతి మూలన ట్యూబులైటు కింద కూర్చున్న సీట్లమ్మ పని చూస్తే నోరు మూసుకుంటారు. తోలు మందం వేలి కొసతో తడిమి చెబుతుంది. స్కేలు లేకుండా ఆమె గీసిన గీత మీద స్కేలు పెట్టి చూసినా వంక దొరకదు. ఇరవై మూడేళ్లుగా ఇదే పని. ఆమె అసలు పేరు హాజరు పట్టీలో ఉంది కానీ అక్కడ దాన్ని వాడిన పాపాన పోయినవాళ్లు లేరు. మేస్త్రీ దగ్గర్నుంచి కార్లు కడిగే ఆయన దాకా అందరికీ ఆవిడ సీట్లమ్మే.

సీట్లమ్మకి ఒకటే కోరిక. ఆ షెడ్డులో ఎడమవైపు సీట్లు, అద్దాలు, రంగులు. కుడివైపు ఇంజిన్లు. ఆమెకి కుడివైపు వెళ్లాలని ఉంది. ఇవాళ నిన్న పుట్టిన కోరిక కాదు, ఆరేళ్ల నాటిది. చేతులు తోలు కుడుతుంటే చెవులు అటే ఉండేవి. ఏ బండి ఎందుకు దగ్గుతోందో, ఏ బెల్టు ఎందుకు కీచుమంటోందో వినీ వినీ కంఠతా పట్టేసింది. మధ్యాహ్నం అందరూ భోజనాల దగ్గర కబుర్లలో పడితే ఆమె చల్లారిన ఇంజిన్ మీదికి వంగి, ఏ గొట్టం ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతోందో వేలితో వెతుక్కునేది.

ఏడాదికోసారి అడిగేది. "మేస్త్రీగారూ, నన్ను ఇంజిన్ల వైపు వేయండి." ఏడాదికోసారి ఆయనదీ ఒకటే మాట. "సూది పట్టిన చెయ్యమ్మా అది. దానికి పానా ఎందుకు చెప్పు?" ఆయన చెడ్డమనిషేం కాదు. ఒకరి ఒళ్లు బాగోకపోతే ఇంటికెళ్లి చూసొచ్చే రకం. కానీ ఇంజిన్ దగ్గరికి వచ్చేసరికి ఎవర్నీ ఒక పట్టాన నమ్మడు. అటు పనిచేసే నలుగురు మెకానిక్కులనీ రోజూ చెడామడా తిడుతూనే ఉంటాడు. వాళ్లు ఆ తిట్లు తింటూ కూడా సీట్లమ్మని చూసి నవ్వేవాళ్లు. అదే ఆమెకి ఒళ్లు మండే సంగతి.

ఇలా ఉండగా ఆమె ఇంటికి ఒక కారు వచ్చింది. ఎర్రటి స్పోర్ట్స్ కారు, రెండే సీట్లు, నేలని రాసుకుంటూ పోయేంత తక్కువ ఎత్తు. దాని యజమాని మోజు తీరిపోయి, వర్క్‌షాపు వెనక మూడేళ్లు వదిలేశాడు. ఆయన మిగతా కార్లన్నిటికీ సీట్లమ్మే కుట్టి పెట్టింది, అదీ ఆయన పెట్టిన గడువుకి, ఆయన చెప్పిన రంగులో. అందుకు సంతోషించి, "ఇది నాకెందుకమ్మా, నువ్వే తీసుకుపో" అన్నాడు. కాగితాలు కూడా ఆమె పేరిటే మార్చి ఇచ్చాడు. తాడు కట్టి లాగించి, ఇంటి పక్కన రేకుల పాకలో పెట్టించింది.

మందుల షాపులో పనిచేసే మొగుడు సాయంత్రం వచ్చి చూసి బిక్కచచ్చిపోయాడు.

"ఇద్దరికే చోటున్న కారు తెచ్చావేమోయ్. మరి మా అమ్మ ఎక్కడ కూర్చుంటుంది?"

"నేను ముందు కూర్చుంటాన్రా" అంది అత్తగారు గుమ్మంలోంచి. "నువ్వు నడిచి రా. పొట్ట తగ్గుతుంది."

నూనె మార్చి, బ్యాటరీ పెట్టి, ప్లగ్గులు తుడిస్తే ఇంజిన్ తిరిగింది. తిరిగింది కానీ పరుగు లేదు. చూపుకి గుర్రం, నడకకి బర్రె. సీట్లమ్మ ఆ సంగతి వర్క్‌షాపులో చెప్పింది. ఊరికే చెప్పి ఊరుకుంటే ఆమె సీట్లమ్మ ఎందుకవుతుంది? "పెద్ద ఫిల్టరు, కొత్త మానిఫోల్డు, సిలికాన్ గొట్టాలు, ముందు అడ్డకడ్డీ తెప్పించి నేనే ఇంట్లో బిగిస్తాను" అంది. నలుగురు మెకానిక్కులూ పడీ పడీ నవ్వారు. ఒకడైతే పానా కిందపడేశాడు.

మేస్త్రీ నవ్వలేదు. "నిజంగానే చేస్తావా?"

"చేస్తాను."

"ఒక్కదానివే?"

"మా ఆయన లైటు పట్టుకుంటాడు."

"సరే. నెల రోజులు తీసుకో. నెలాఖరు ఆదివారం నేనే మీ ఇంటికొచ్చి చూస్తా. పని సరిగ్గా ఉంటే ఇంజిన్ల వైపు వచ్చెయ్. ఒక్క తప్పు ఉన్నా, నేనీ షెడ్డులో ఉన్నన్నాళ్లూ ఆ మాట మళ్లీ ఎత్తొద్దు."

"అలాగే మేస్త్రీగారూ" అంది సీట్లమ్మ. ఆరేళ్లుగా ఏటా అడిగే హక్కయినా ఉంది, ఇప్పుడు దాన్ని కూడా పందెంలో పెట్టేసింది.

సామాన్లు ఒక్కొక్కటే వచ్చాయి. అవేమిటో తెలియని అత్తగారికి సీట్లమ్మ ఓపిగ్గా చెప్పింది. ఇంజిన్ కూడా మనిషిలాగే ఊపిరి పీల్చాలి, వదలాలి. పాత కారులో పీల్చే దారి ఇరుకు, అందుకు వెడల్పాటి గొట్టం, దాని చివర పెద్ద ఫిల్టరు. పొగ వదిలే దారి కూడా ఇరుకే, అందుకు నాలుగు గొట్టాలు కలిసిన స్టీలు మానిఫోల్డు. ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్లు పారడానికి పాత రబ్బరు గొట్టాల బదులు సిలికానువి. ఇక ముందు చక్రాల పైన రెండు గూళ్లనీ కలిపి పట్టుకునే అడ్డకడ్డీ, మలుపుల్లో బండి ఒళ్లు విరుచుకోకుండా. అత్తగారు అంతా విని, "అంటే దానికి ముక్కు దిబ్బడ. అది చెప్పు ముందు" అంది.

ఆ పాకలో కారు పెట్టాక మనిషి పక్కకి తిరగడానికి మూరెడు చోటు మిగిలింది. గోడకి పాత అల్మరా, దాని మీద ఆమె కత్తెరలు, సుద్దముక్కలు, టేపు. తెల్లారి పనికి వెళ్లే ముందు గంట, ఆదివారాలు మధ్యాహ్నం దాకా, అంతే ఆమెకి దొరికే సమయం. పని మాత్రం ఆమె పద్ధతిలోనే సాగింది. మెకానిక్కులు విప్పిన బోల్టులన్నీ ఒక డబ్బాలో పోసి, బిగించేటప్పుడు ఏది ఎక్కడిదో తెలియక తల గోక్కుంటారు. సీట్లమ్మ అలా కాదు. కొత్త సీటు కోసం తోలు కోసే ముందు అట్టముక్క మీద నమూనా గీస్తుంది కదా, అలాగే పెద్ద అట్టపెట్టె ఒకటి చింపి పరిచి, ఇంజిన్ పైభాగం మొత్తం సుద్దతో గీసింది. ఏ బోల్టు విప్పితే ఆ బోల్టుని అట్ట మీద దాని చోటే గుచ్చింది. పొడుగుది పొడుగుదాని చోట, పొట్టిది పొట్టిదాని చోట. రెండు వారాలు గడిచేసరికి ఆ అట్ట ఒక ఊరి పటంలా తయారైంది. ఇంజిన్ పూర్తయ్యాక అట్ట మీద ఒక్క బోల్టు మిగల్లేదు. పెద్ద పెద్ద షెడ్లలోనే ఇలా జరగదు.

మానిఫోల్డు బిగించేటప్పుడు కూడా చేతి విద్యే పనికొచ్చింది. ఒక మూల గట్టిగా బిగించేసి రెండో మూలకి వెళితే మధ్యలో సందు మూసే గ్యాస్కెట్ రేకు పొంగుతుంది, పొగ కారుతుంది. ఆ సంగతి ఆమెకి ఎవరూ నేర్పక్కర్లేదు. సీటు మీద తోలు పరిచేవాళ్లెవరైనా ముందు నడుమ పట్టు దొరకబుచ్చుకుని, అక్కడ్నుంచి కొద్దికొద్దిగా అంచులకి లాగుతారు. ఆమె కూడా నడిమి బోల్టు నాలుగు చుట్లు, దాని పక్కవి నాలుగు చుట్లు, చివరివి నాలుగు చుట్లు, మళ్లీ నడిమికి. ఆఖర్న టార్క్ రెంచితో ఎంత పట్టు కావాలో అంతే. రెంచి టక్కుమన్నప్పుడల్లా లైటు పట్టుకున్న మొగుడు ఉలిక్కిపడ్డాడు.

"విరిగిందా?"

"సరిపోయిందని చెబుతోందండీ. మీరు కదలకండి, నీడ పడుతోంది."

మూడో ఆదివారానికి అంతా బిగిసింది. సీట్లమ్మ తాళం తిప్పింది. ఆ శబ్దం విని అత్తగారు చిక్కుడుకాయలు తుంచడం ఆపేసింది. ఆరోగ్యమైన గొంతు, నిండైన గొంతు. పాకలోంచి బయటికి తీసి, వీధి చివర ఎత్తు రోడ్డు మీదికి ఎక్కించింది. బండి ఎగిరి దూకింది. మొగుడు తలుపు పిడి పట్టుకుని కళ్లు మూసుకున్నాడు, ఆమెకి నవ్వాగలేదు. నలభై తొమ్మిదేళ్ల వయసులో తన రెండు చేతులతో చేసిన పని తనని మోసుకుపోతుంటే కలిగే గర్వం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. పెళ్లిలో కూడా ఇంత సంతోషం లేదని మొగుడితో అనేసింది. అతను కళ్లు తెరవకుండానే "ఊఁ" అన్నాడు.

సగం ఎత్తుకి వెళ్లేసరికి వేడి చూపించే ముల్లు పైకి లేచింది. లేచి, ఇంకా లేచి, ఎరుపు దగ్గరికి చేరింది. సీట్లమ్మ బండి పక్కకి ఆపి, ఇంజిన్ కట్టేసింది. అరగంట చల్లారనిచ్చి మెల్లగా ఇంటికి చేర్చింది.

ఆ తర్వాత నాలుగు రోజులు ఆమె కాలు గాలిన పిల్లిలా తిరిగింది. నీళ్లు నిండుగా ఉన్నాయి. ఎక్కడా కారడం లేదు. ఫ్యాను తిరుగుతోంది. పాకలో నిలబెట్టి ఎంతసేపు నడిపినా ముల్లు కదలదు, ఎత్తు ఎక్కితే చాలు లేస్తుంది. మేస్త్రీని అడిగితే ఒక్క నిమిషంలో చెప్పేవాడేమో. అడగడానికి నోరు రాలేదు. అడిగితే పందెం అక్కడితో సరి.

గురువారం తెల్లారి ఆమెకి ఒక ఆలోచన తట్టింది. బండి ఎత్తు ఎక్కేటప్పుడు వేరేగా జరిగేది ఏమిటి? ఇంజిన్ జోరుగా తిరుగుతుంది. ఆ జోరు ఇక్కడే పుట్టిస్తే సరి. మొగుణ్ని లేపి లోపల కూర్చోబెట్టింది. ఇంజిన్ బాగా వేడెక్కేదాకా ఆగి, బానెట్ ఎత్తి, రేడియేటర్ కింది నుంచి నీళ్ల పంపుకి వెళ్లే గొట్టం మీద లైటు వేసింది.

"ఊఁ, తొక్కండి."

అతను భయం భయంగా తొక్కాడు.

"అలా కాదు, గట్టిగా."

గట్టిగా తొక్కాడు. ఆ గొట్టం మలుపు దగ్గర, బుగ్గలు లోపలికి పీల్చుకున్నట్టు, సొట్టపోయి మూసుకుపోయింది. కాలు తీయగానే మళ్లీ తెరుచుకుంది. అదీ సంగతి. పంపు జోరుగా లాగినప్పుడు వేడికి మెత్తబడిన గొట్టం మూసుకుపోయి నీళ్లు పారడం లేదు.

కొత్త గొట్టం మూసుకుపోవడమేమిటి? చల్లారాక విప్పి, పాత గొట్టం పక్కన పెట్టి చూసింది. కొత్తది అంగుళం పొడుగు. సరిగ్గా అంగుళం, వెంట్రుకవాసి తేడా లేదు. అటు అరంగుళం, ఇటు అరంగుళం. అంటే కుట్టులోకి పోయే గుడ్డ.

సిలికాన్ గొట్టాలు పొడుగ్గానే వస్తాయి, కావలసినంత కోసుకోవాలి. పాతదాన్ని పెట్టి కొలిచింది బాగానే. కొలిచాక, ఇరవై మూడేళ్లుగా ఏ ముక్క కోసినా కుట్టుకోసం వదిలే అంగుళాన్ని ఆమె చెయ్యి ఆమెని అడక్కుండానే వదిలేసింది. గొట్టానికి కుట్టెక్కడిది? ఆ అంగుళం ఎటూ పోలేక మలుపు దగ్గర గూని పడి కూర్చుంది. ఏ మెకానిక్కూ చస్తే చేయని తప్పు. ముందు సిగ్గేసింది, తర్వాత ఒళ్లంతా ఊగేలా నవ్వొచ్చింది.

"ఏమైందే?" అంది అత్తగారు.

"మీ కోడలు ఇంజిన్‌కి కుట్టు వదిలిందత్తయ్యా."

"నయం, గుండీలు కూడా పెట్టావు కాదు."

అంగుళం కోసి, మళ్లీ బిగించి, నీళ్లు పోసి, గొట్టాల్లో గాలి తీసి, ఎత్తు రోడ్డు రెండుసార్లు ఎక్కించింది. ముల్లు మధ్యలో మేకు కొట్టినట్టు నిలబడింది. శనివారం పనికి ఆ కారులోనే వెళ్లింది. సాయంత్రం గేటు దగ్గర స్టార్టు చేసేటప్పుడు మేస్త్రీ టీ గ్లాసు పట్టుకుని అక్కడే ఉన్నాడు. ఆమె వీధి మలుపు తిరిగేదాకా టీ తాగకుండా నిలబడ్డాడు.

ఆదివారం పదింటికి ఇంటికి వచ్చాడు, తన పెట్టె తను తెచ్చుకుని. మంచినీళ్లు కూడా తరవాతే అన్నాడు. చొక్కా చేతులు మడిచి, ఒక్కో బోల్టు మీద తన రెంచి పెట్టి చూశాడు. ప్రతిసారీ టక్కు, ప్రతిసారీ టక్కు. అడ్డకడ్డీ పట్టుకుని ఊపాడు. అద్దం ముక్క కిందికి దించి మానిఫోల్డు వెనక చూశాడు. మొగుడు వంటింటికీ పాకకీ మధ్య పదిసార్లు తిరిగాడు. అత్తగారు మాత్రం కుర్చీ వేసుకుని, పరీక్ష చేస్తున్నవాణ్నే పరీక్షగా చూస్తూ కూర్చుంది.

తర్వాత మేస్త్రీ నడుపుతానన్నాడు. సీట్లమ్మ పక్కన కూర్చుంది. అదే ఎత్తు రోడ్డు మూడుసార్లు ఎక్కించాడు, కావాలని చిన్న గేరులో, ఇంజిన్ అరిచేలా. ముల్లు కదల్లేదు. ఇంటికొచ్చి, బానెట్ ఎత్తి, గొట్టాల మీద చెయ్యి ఆనించి చూసి, చేతులు తుడుచుకున్నాడు.

"తప్పేం దొరకలేదమ్మా" అన్నాడు.

మొగుడి మొహం చాటంత అయింది. ఇక ఒక్క మాట మిగిలింది, అది మేస్త్రీ నోటివెంట రావాలి. సీట్లమ్మ దానికోసం ఆరేళ్లు కాచుకుంది. ఇంకొక్క క్షణం ఊరుకుంటే వచ్చేసేది.

ఊరుకోలేకపోయింది. ఈయన కంటికి దొరకలేదు కాబట్టి అటు వెళితే, రేపు ఏ బండి ముందు నిలబడినా ఆ అంగుళం లోపల గుచ్చుతూనే ఉంటుంది. పైగా, నిజం చెప్పాలంటే, ఆ తప్పుని పట్టుకున్న తీరు ఆమెకి భలే గర్వంగా ఉంది. చెప్పకుండా దాచుకోవడానికి మనసొప్పలేదు.

"ఉంది మేస్త్రీగారూ. ఒకటి చేశాను" అంది.

మొగుడు వెనక నుంచి కొంగు లాగినంత పని చేశాడు. ఆమె ఆగలేదు. కింది గొట్టం సంగతి, కుట్టుకోసం వదిలిన అంగుళం సంగతి, ముల్లు ఎరుపు దాకా పోయిన సంగతి, గట్టిగా తొక్కించి చూసిన సంగతి పూసగుచ్చినట్టు చెప్పింది. మేస్త్రీ అంతా విన్నాడు. "తొక్కించి చూడమని నీకెవరు చెప్పారు?" అన్నాడు.

"ఎవరూ చెప్పలేదండీ. నాకే తోచింది."

ఆయన తల ఊపాడు. మంచినీళ్లు తాగాడు. పెట్టె తీసుకుని వెళ్లిపోయాడు. అవునని గానీ కాదని గానీ అనలేదు.

"నోట్లోకి వచ్చిన ముద్ద చేత్తో తోసేసుకున్నావు కదే" అని మొగుడు తల పట్టుకున్నాడు. సీట్లమ్మకి కళ్లలో నీళ్లు తిరిగాయి, అబద్ధమెందుకు. కానీ చెప్పినందుకు మాత్రం చింత లేదు. పోతే పోయింది, కారు తనది, పని తనది, తప్పు కూడా తనదే.

అత్తగారు కొడుకుని కసిరింది. "దాన్ని ఏమీ అనకు. నువ్వైతే ఆ గొట్టం ఎక్కడుందో కూడా చెప్పలేవు."

సోమవారం ఆమె మామూలుగానే పనికి వెళ్లింది. తలుపు దగ్గర నలుగురు మెకానిక్కులూ ఆమెని చూసి మాట ఆపేశారు. విన్నారన్నమాట, అనుకుంది. తల దించుకోకుండా వాళ్ల ముందు నుంచి నడిచి ఎడమవైపు మూలకి వెళ్లింది. ఆమె మిషన్ ముందు ఎవరో ఒకావిడ కూర్చుని ఉంది. ముప్పై ఏళ్లుంటాయేమో, సూదిలో దారం ఎక్కిస్తోంది.

ఉన్న చోటు కూడా ఊడింది అనుకుంది సీట్లమ్మ.

"ఎవరమ్మా నువ్వు?"

"కుట్టుపనికి కొత్తగా వచ్చానండీ. శనివారం సాయంత్రం మేస్త్రీగారు ఫోన్ చేశారు. సోమవారం నుంచి ఈ మిషన్ ఖాళీ అవుతుంది, వచ్చి కూర్చో అన్నారు. మీరేనా ఇక్కడ చేసింది? కొన్నాళ్లు కాస్త నేర్పించాలట మీరు."

శనివారం. ఆయన ఇంటికొచ్చి ఒక్క బోల్టూ ముట్టుకోకముందు. గేటు దగ్గర ఆ ఇంజిన్ గొంతు విన్న సాయంత్రమే. సీట్లమ్మ మిషన్ అంచు పట్టుకుని నిలబడింది. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది, కొత్తావిడ కంగారు పడి లేచి నిలబడింది.

"అక్కడేం చేస్తున్నావమ్మా?" కుడివైపు నుంచి మేస్త్రీ గొంతు వినిపించింది, మెకానిక్కులని పిలిచే విసుగే ఈమెకీ. "ఇలా రా. ఈ తెల్ల బండి ఎత్తు ఎక్కితే వేడెక్కుతోందట. మొన్న మనవాళ్లే గొట్టాలు మార్చారు. శుక్రవారం నుంచి ఈ నలుగురూ చూస్తూనే ఉన్నారు. నిన్న నువ్వు చెప్పింది విన్న దగ్గర్నుంచి నా బుర్ర దీని చుట్టూనే తిరుగుతోంది. ఓసారి చూడు."

సీట్లమ్మ కళ్లు తుడుచుకుని వెళ్లింది. ఇంజిన్ వేడెక్కేదాకా ఆగింది. పానా కిందపడేసి నవ్వినవాణ్నే పిలిచి లోపల కూర్చోమంది. వాడు మారుమాట్లాడకుండా కూర్చున్నాడు.

"తొక్కు బాబూ. అలా కాదు, గట్టిగా."

కింది గొట్టం మలుపు దగ్గర సొట్టపోయింది. మేస్త్రీ చూశాడు. కాలు తీయించి, మళ్లీ తొక్కించి, ఇంకోసారి చూశాడు. తర్వాత మిగతా ముగ్గురి వైపు తిరిగాడు.

"చూడండ్రా. ఈవిడ దగ్గర అడిగి నేర్చుకోండి" అన్నాడు.

ముగ్గురూ బానెట్ కిందికి వంగారు. సీట్లమ్మ కొంచెం పక్కకి జరిగి వాళ్లకి చోటిచ్చింది.